అమ్మానాన్నల పేరు కూడా రాయించండి



ఈ వారం మన యౌవనస్థులతో, అందులోనూ చదువుకొని ఉద్యోగంలో కుదిరినవారితో కొంచెం గట్టిగా మాట్లాడాలని ఉంది. మీలో కొందరు సచివాలయాల్లో పనిచేస్తున్నారు. కొందరు విశాఖపట్నంలో నర్సులు, కొందరు టీచర్లు, కొందరు కంపెనీల్లో ఉన్నారు. మీ అందరి దగ్గరా ఒక ఫైలు ఉంటుంది. అందులో ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకం, పదో తరగతి సర్టిఫికెట్టు ఉంటాయి. ఆ సర్టిఫికెట్టు ఒకసారి బయటికి తీసి చూడండి. మీ పేరు దగ్గరే మీ నాన్న పేరు, మీ అమ్మ పేరు ఉంటాయి. మీ కాగితం మీద వాళ్ల పేర్లున్నాయి. మరి వాళ్ల పేరుతో వాళ్ల చేతిలో ఏ కాగితం ఉంది?

మన కొండల్లో చాలా ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. బిడ్డను ఆశ్రమ పాఠశాలలో చేర్చిన రోజున మాస్టారు పేరు రాసుకున్నారు, ఒక పుట్టిన తేదీ వేశారు. అక్కడి నుంచి ఆ బిడ్డకు కాగితాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పోడు కొట్టుకుంటూ, సంతకు మోపులు మోస్తూ ఆ బిడ్డను చదివించిన తండ్రి మాత్రం ప్రభుత్వ లెక్కలో లేడు. ప్రతి నెల ఒకటో తారీఖున ఊళ్లో వృద్ధులకు నాలుగు వేల రూపాయల పింఛను ఇంటి దగ్గరే ఇస్తుంటే, ఆయన గడప మీద కూర్చొని చూస్తున్నాడు. ఆయన వయస్సు చాలదని కాదు. ఆయనకు వయస్సు ఉందని చెప్పే కాగితం లేదు.

వీళ్లు ఎక్కడి నుంచి వచ్చారు అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే, జవాబు కూడా తెలుసుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్, జయపురం కొండలన్నీ మద్రాసు రాష్ట్రంలో, మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. అటు కొండకు, ఇటు కొండకు ఒకే సంత, ఒకే వియ్యం, ఒకే కువి మాట, ఒకే ఆదివాసీ ఒడియా మాట. ఆ తర్వాత మాచ్‌ఖండ్ ప్రాజెక్టు వచ్చింది. 1955లో కరెంటు తీయడం మొదలైంది. జోలాపుట్ జలాశయం కింద ఊళ్లు మునిగితే జనం రెండు వైపులా చెదిరిపోయారు. పోడుకు నేల వెతుక్కుంటూ కోందు కుటుంబాలు దిగువకు, అనకాపల్లి వైపు కొండల దాకా నడిచి వచ్చాయి. ఇక దక్షిణాన చింతూరు ఏజెన్సీలో, భద్రాచలం అడవుల్లో ఉన్న గుత్తికోయల సంగతి వేరు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అటు తుపాకీకి, ఇటు తుపాకీకి మధ్య నలిగి, పిల్లల్ని చంకన వేసుకొని అడవి దాటి వచ్చినవాళ్లు వాళ్లు. సల్వాజుడుం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పింది. అప్పటికే వాళ్ల ఊళ్లు కాలిపోయాయి. ఆ రోజుల్లో చంకనెక్కి వచ్చిన పిల్లలు, ఇక్కడికి వచ్చాక పుట్టిన పిల్లలు ఈ రోజు పెద్దవాళ్లవుతున్నారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వీళ్లెవరూ పరదేశులు కారు. కోరాపుట్టూ మన దేశమే, సుక్మా, బీజాపూరూ మన దేశమే. దేశంలో ఎక్కడైనా తిరగడానికి, ఎక్కడైనా నివసించడానికి రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరునికీ హక్కు ఇచ్చింది. షెడ్యూల్డు తెగల ప్రయోజనం కోసం ఆ హక్కుకు హద్దులు పెట్టవచ్చని కూడా ఆ అధికరణమే చెప్పింది. ఆ రెండో మాట దగ్గరకు తర్వాత వస్తాను. ముందు వాక్యంలోకి వెళ్దాం.

దావీదు సౌలుకు భయపడి అదుల్లాము గుహలో దాగినప్పుడు అతని తలిదండ్రులు అతని దగ్గరకు వచ్చారు. అతని వెంట నాలుగు వందల మంది ఉన్నారు, అందరూ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లే. తన తల మీదే కత్తి వేలాడుతోంది. అయినా దావీదు మొదట చేసిన పని ఏమిటో 1 సమూయేలు 22:3-4 చదవండి. అతడు మోయాబులోని మిస్పేకు వెళ్లి, అక్కడి రాజు ఎదుట నిలబడి, దేవుడు నాకేమి చేస్తాడో తెలిసేవరకు నా తండ్రినీ తల్లినీ మీ దగ్గర ఉండనివ్వండని అడిగాడు. గొల్యాతును కొట్టిన దావీదు గురించి మనం వంద ప్రసంగాలు విన్నాం. అమ్మానాన్నల నివాసం కోసం పరాయి రాజు ముందు విన్నపం పెట్టుకున్న దావీదు గురించి ఎన్ని విన్నాం?

మోయాబుకే ఎందుకు వెళ్లాడు? దావీదు తండ్రి యెష్షయి ఎవరి మనుమడు? మోయాబీయురాలైన రూతుకు మనుమడు. ఒకప్పుడు ఆ ఊరి నుంచి ఒక కోడలు అత్తను వదలలేక బేత్లెహేముకు వచ్చింది. బేత్లెహేము ఆమెకు చోటిచ్చింది. ఆమె మనుమడు ముసలివాడైనప్పుడు మోయాబు అతనికి చోటిచ్చింది. ఎవరికి ఎప్పుడు ఎవరి గడప అవసరమవుతుందో మనకు తెలియదు ప్రియులారా.

ఇంకా వెనక్కి వెళ్లండి. రాహాబు యెరికో వేగులవారిని దాచినప్పుడు తన ప్రాణం ఒక్కటే అడిగిందా? నా తండ్రి, నా తల్లి, నా అన్నదమ్ములు, నా అక్కచెల్లెళ్లు అంటూ ఒక్కొక్కరి లెక్క చెప్పి అడిగింది (యెహోషువ 2:12-13). ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. కుటుంబమంతటినీ ఆమె తన ఇంట్లోకి చేర్చుకోవాలి, బయట ఉన్నవారికి పూచీ లేదు. అంటే రాహాబు ఊళ్లో తిరిగి, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకొని తీసుకురావాలి. ఆమె ఆ పని చేసింది. తర్వాత ఆమె, ఆమె తండ్రి ఇంటివారు ఇశ్రాయేలీయుల మధ్య నివసించారని 6వ అధ్యాయం చెబుతోంది. మత్తయి సువార్త మొదటి అధ్యాయం చూడండి. రాహాబు, రూతు, దావీదు ముగ్గురూ మన ప్రభువు వంశావళిలో ఒకే వరుసలో ఉన్నారు. పెద్దల కోసం చోటు అడగడం ఆ ఇంటి అలవాటు.

ఆ వరుస చివర ప్రభువే ఉన్నాడు. సిలువ మీద, మేకుల నొప్పిలో, ఆయన తన తల్లిని శిష్యునికి అప్పగించాడు. ఆ గడియ నుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:25-27). లోక రక్షణ అనే అంత పెద్ద పని చేస్తున్నవాడు, అమ్మ రేపు ఎక్కడ ఉంటుంది అన్నది చిన్న విషయం అనుకోలేదు. మరి డ్యూటీ ఉంది, సెలవు దొరకలేదు అని మనం ఎలా అంటాం?

ఈ మధ్య మన సంఘంలో ఒక మాట నా చెవిన పడింది. పాస్టరు గారూ, మన పౌరస్థితి పరలోకంలో ఉంది కదా, ఈ కాగితాల గొడవ సంఘానికెందుకు అని. ఫిలిప్పీయులకు 3:20 నిజం. అయితే ఆ పత్రిక రాసిన పౌలే, కొరడా దెబ్బలకు తనను కట్టినప్పుడు నేను రోమా పౌరుణ్ని అని చెప్పాడు (అపొ. కార్యములు 22:25-29). సహస్రాధిపతి తన పౌరసత్వం చాలా డబ్బు పోసి కొనుక్కున్నాడు, పౌలుకు అది పుట్టుకతో వచ్చింది. పౌలు దాన్ని దాచిపెట్టలేదు, వాడుకున్నాడు. మన ప్రభువు పుట్టుక కూడా ప్రజా సంఖ్య రాయించుకోవడానికి వెళ్లిన ప్రయాణంలోనే జరిగింది. నిండు గర్భిణితో యోసేపు బేత్లెహేము దాకా నడిచింది పేరు రాయించుకోవడానికే (లూకా 2:1-5). పేరు రాయించుకోవడం అవిశ్వాసం కాదు. ఇంట్లోవాళ్లను చూసుకోనివాడు విశ్వాసాన్ని విడిచినవాడని 1 తిమోతి 5:8 హెచ్చరిస్తోంది. మనం భయపడవలసింది ఆ మాటకు.

సముద్రాల అవతల ఈ విషయంలో ఎంత కఠినమో కొంచెం తెలుసుకుందాం, అప్పుడు మన పని ఎంత తేలికో తెలుస్తుంది. అమెరికాలో పౌరుడైన కొడుకుగాని కూతురుగాని 21 ఏళ్లు నిండాక తల్లిదండ్రుల కోసం దరఖాస్తు పెట్టవచ్చు. అలాంటి తల్లిదండ్రులకు ఏటా ఇంతమందికే అన్న పరిమితి లేదు. వీసా మీద సక్రమంగా వచ్చి గడువు దాటి ఉండిపోయినవారికి చాలాసార్లు అక్కడే ఉండి స్థిరనివాసం పొందే దారి ఉంది. దొంగదారిన సరిహద్దు దాటి వచ్చినవారికి సాధారణంగా ఆ దారి లేదు. వాళ్లు దేశం విడిచి బయటి నుంచి రావాలి. కాని 1996లో చేసిన చట్టం ప్రకారం, ఏడాది పైన అనుమతి లేకుండా ఉన్నవారు బయటికి అడుగుపెడితే పదేళ్లు తిరిగి రాకూడదు. దానికి మినహాయింపు కోరాలంటే వాళ్ల భర్తకో భార్యకో, లేదా వాళ్ల తల్లికో తండ్రికో తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపాలి. ఆ భర్త, భార్య, తల్లి, తండ్రి అక్కడి పౌరులో, స్థిరనివాసులో అయి ఉండాలి. బిడ్డలకు కలిగే కష్టాన్ని ఆ లెక్కలోకి తీసుకోరు. అందుకని అక్కడ పౌరులైన ఎందరో బిడ్డలు అమ్మానాన్నల కోసం ఏళ్ల తరబడి లాయర్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. మీకు ఆ గోడ లేదు. మీకు అడ్డంగా ఉన్నవి రెండు బస్సులు, మూడు క్యూలు, నాలుగు సంతకాలు.

అయితే మన దగ్గర ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అన్నది నిజాయితీగా చెప్పాలి. లేనిపోని ఆశ పెట్టడం కూడా పాపమే.

ఆధార్ దొరుకుతుంది. దరఖాస్తుకు ముందు ఏడాదిలో 182 రోజులు ఈ దేశంలో నివసించినవారు ఆధార్‌కు అర్హులు. ఏ రాష్ట్రంలో పుట్టారు అన్నది దానికి అడ్డు కాదు. 18 ఏళ్లు దాటినవారు కొత్తగా నమోదు చేసుకుంటే రాష్ట్ర అధికారుల పరిశీలన కూడా ఉంటుంది, కాబట్టి ఆలస్యమవుతుంది, ఓపిక పట్టాలి. ఇప్పటికే ఆధార్ ఉండి, అందులో పాత ఊరి చిరునామా ఉంటే దాన్ని మార్చుకోవచ్చు. కుటుంబ పెద్ద పూచీ మీద చిరునామా మార్చుకునే పద్ధతి 2023 నుంచి ఆన్‌లైన్‌లోనే ఉంది. ఆ కుటుంబ పెద్ద తండ్రే కానక్కర్లేదు. 18 ఏళ్లు నిండిన కొడుకైనా కూతురైనా ఆ స్థానంలో నిలబడవచ్చు. ఒకప్పుడు మీ పేరు పక్కన ఆయన పేరు రాశారు. ఇప్పుడు ఆయన పేరు పక్కన మీ పేరు నిలబడుతుంది. ఒకటి గుర్తుంచుకోండి. ఆధార్ మనిషి ఎవరో చెబుతుంది గాని, పౌరసత్వానికి రుజువు కాదని చట్టమే చెబుతోంది. అందుకే ఓటరు జాబితాలో పేరు కూడా అవసరం.

ముసలివాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. గొడ్డలి, పార పట్టి పట్టి వేళ్ల గీతలు అరిగిపోయాయి. మిషను మీద ఎన్నిసార్లు నొక్కినా ముద్ర పడదు. అప్పుడు సిగ్గుపడి ఇంటికి వచ్చేస్తున్నారు. కనుపాపతో తీయవచ్చని, రెండూ కుదరకపోయినా నమోదుకు వీలుందని వాళ్లకు తెలియదు. పక్కన నిలబడి అడిగే మనిషి కావాలి. పుట్టిన తేదీ అడిగితే మాచ్‌ఖండ్ డ్యాము కడుతున్నప్పుడు పుట్టానంటారు. సంవత్సరం మాత్రమే తెలిస్తే జనవరి 1 అని వేస్తారు. మన కొండల్లో సగం మంది పెద్దలు జనవరి ఒకటినే పుట్టినట్టు కనిపించేది అందుకే. ఫరో కూడా యాకోబును చూడగానే అడిగింది వయస్సే (ఆదికాండము 47:8-9). యాకోబు నూట ముప్పై అని తడుముకోకుండా చెప్పగలిగాడు. మన పెద్దలకు ఆ లెక్క చెప్పగలిగింది మనమే.

పిల్లల జనన నమోదు దొరుకుతుంది. 1969 నాటి చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో రాయించాలి. ఏడాది దాటిపోతే మేజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. 2023 సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, జిల్లా మేజిస్ట్రేటు నియమించిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది కాబట్టి కోర్టు దాకా పోనక్కర్లేదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి ఓటు దాకా ఈ జనన ధ్రువపత్రమే ఆధారం. ఈ రోజు ఇంట్లో కాన్పు చేసి రాయించకుండా వదిలేస్తే, రేపు ఆ బిడ్డ కూడా గడప మీద కూర్చున్న తాతలాగే మిగిలిపోతుంది.

ఇక కులధ్రువపత్రం, అటవీ భూమి. ఇక్కడ చట్టం గట్టిగా ఉంది. షెడ్యూల్డు తెగల జాబితా 1950 సెప్టెంబరు 6 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చింది. అది రాష్ట్రం వారీగా ఉంటుంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వలస వచ్చినవారు పాత రాష్ట్రపు హోదాను కొత్త రాష్ట్రంలో కోరలేరని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. విచిత్రం చూడండి, ఆ కేసు వేసింది మన ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన గౌడు తెగ కుటుంబపు యువకుడే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి సాగులో ఉండాలి, ఆ ప్రాంతంలో తెగగా గుర్తింపు ఉండాలి. అందుకే గుత్తికోయలకు పట్టాలు రావడం లేదు.

ఇక్కడే మన స్థానిక ఆదివాసీ సహోదరుల భయం గురించి మాట్లాడాలి. వాళ్ల భయం దురాశ అనడం అన్యాయం. 1 ఆఫ్ 70 చట్టం ఉండి కూడా మైదానం వాళ్ల చేతిలో భూమి పోగొట్టుకున్న జాతి మనది. రేపు ఎవరు వచ్చినా మాకు ఉన్న రెండెకరాలు పోతాయని వాళ్లు అనుకుంటే అది అనుభవం చెప్పిన మాట. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బెండాలపాడు దగ్గర ఫారెస్టు రేంజి అధికారి శ్రీనివాసరావు గారిని పోడు భూమి గొడవలో చంపేశారు. ఆ తర్వాత గుత్తికోయలను ఊరి నుంచి పంపించేయాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. తన పని తాను చేస్తున్న ఒక అధికారి ఇంటిలో దీపం ఆరిపోయింది. దాన్ని ఏ పేదరికమూ సమర్థించదు. అయితే ఇద్దరు చేసిన నేరానికి జాతినంతటినీ, ముసలి తల్లులతో పసిబిడ్డలతో సహా, మళ్లీ అడవిలోకి తరమడాన్ని కూడా దేవుని వాక్యం సమర్థించదు. మీ మధ్య నివసించే పరదేశిని మీలో పుట్టినవానిగా చూడమని లేవీయకాండము 19:34 ఆజ్ఞ. ఒక దేశంవాణ్ని ఇంకెంత బాగా చూడాలి?

నా అభిప్రాయం ఇది. గుర్తింపు వేరు, భూమి వేరు. ఆధార్, రేషను, పింఛను, వైద్యం, పిల్లల చదువు ఇస్తే స్థానిక ఆదివాసీ నోటి దగ్గర ముద్ద ఏమీ పోదు. అవి మనిషిగా పుట్టినందుకు దక్కవలసినవి, వాటికి ఎవరూ అడ్డుపడకూడదు. భూమి, రిజర్వేషన్ల సంగతి ప్రభుత్వాలు కూర్చొని తేల్చాలి, స్థానిక గ్రామసభల మాట విని తేల్చాలి. తేల్చడం అసాధ్యం కాదు. మిజోరాం నుంచి 1997లో పారిపోయి త్రిపుర శిబిరాల్లో ఇరవై ఏళ్లకు పైగా ఉన్న బ్రూ ఆదివాసులు దాదాపు 34 వేల మందికి, త్రిపురలోనే స్థిరనివాసం ఇస్తూ 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు కలిసి ఒప్పందం చేసుకున్నారు. ఇంటి స్థలం, నాలుగు లక్షల డిపాజిట్టు, రెండేళ్లు నెలకు ఐదు వేలు, ఉచిత రేషను, ఓటు హక్కు ఇచ్చారు. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాకూడదు?

ఇంకొక ప్రమాదం గురించి హెచ్చరించాలి. కాగితాలు త్వరగా కావాలని కొందరు దళారుల చేతిలో పడుతున్నారు. ఇన్ని వేలిస్తే ఇక్కడే పుట్టినట్టు రాయిస్తాం, కులధ్రువపత్రం తెప్పిస్తాం అంటారు. ఆ దారిలో పోకండి. దొంగ ధ్రువపత్రం బయటపడిన రోజున దాని మీద నిలబడిన మీ ఉద్యోగం, మీ పిల్లల చదువు అన్నీ కూలిపోతాయి. కొందరు ఒడిశాలో ఒక కార్డు, ఇక్కడ ఒక కార్డు పెట్టుకుంటారు. సాలూరు పైన కొటియా గ్రామాల్లో 1968 నుంచి రెండు రాష్ట్రాల తగవు తెగక రెండు కార్డులు వచ్చాయి, అది ఆ ఊళ్ల దౌర్భాగ్యం. మనకు ఆ సాకు లేదు. ఒక మనిషికి ఒక్కచోటే ఓటు. అక్కడ పేరు తీయించుకొని ఇక్కడ రాయించుకోండి.

ఈ విషయంలో యోసేపు మనకు మాదిరి. ఐగుప్తులో అంత పెద్ద అధికారి అయినా, తన కుటుంబం గురించి ఒక్క అబద్ధం చెప్పించలేదు. గొర్రెల కాపరులంటే ఐగుప్తీయులకు హేయం. వ్యాపారులమని చెప్పండి అని అన్నదమ్ములకు నేర్పవచ్చు. అలా నేర్పలేదు. మేము చిన్ననాటి నుంచి పశువులు మేపుకునేవాళ్లమని ఫరోతో చెప్పమన్నాడు (ఆదికాండము 46:31-34). ఆ నిజం వల్లే వాళ్లకు గోషెను దేశం వచ్చింది. తర్వాత యోసేపు ముసలి తండ్రిని చెయ్యి పట్టుకొని సభలోకి తీసుకొచ్చి ఫరో ఎదుట నిలబెట్టాడు. చెమట వాసన, పశువుల వాసన ఉన్న తండ్రిని చూసి సిగ్గుపడలేదు.

ఈ సిగ్గు గురించే నా మనసులో బాధ ఎక్కువ. చెబితే కొందరికి కష్టంగా ఉంటుంది, అయినా చెబుతాను. మనలో కొందరు బిడ్డలు ఆఫీసుకు అమ్మను తీసుకెళ్లడానికి వెనకాడుతున్నారు. ఆమె తెలుగు సరిగా రాక కువిలో మాట్లాడుతుందని, ముక్కున మూడు కాడలు ఉంటాయని, అందరూ చూస్తారని. మీ నాన్న ఒడిశా నుంచి వచ్చాడని తెలిస్తే నా సర్టిఫికెట్టుకే ఎసరు వస్తుందేమోనని ఇంకొకరి భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. మీ హోదా సంగతి చట్టం తెలిసిన పెద్దలను అడిగి తెలుసుకోండి, నేనూ వెంట వస్తాను. అయితే మీ భద్రత కోసం తండ్రిని లేనివానిగా చేసి, ఆదివారం కానుక పెట్టెలో దశమభాగం వేస్తే దేవుడు సంతోషించడు. తలిదండ్రులకు ఇవ్వవలసింది కొర్బాను అని చెప్పి తప్పించుకున్నవాళ్లను ప్రభువు ఎంత కఠినంగా గద్దించాడో మార్కు 7:9-13లో చూడండి.

సంఘంగా మనం చేయగలిగింది కూడా ఉంది. బోయజు రూతు సంగతి ఇంట్లో గుట్టుగా తేల్చలేదు. ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, అందరి ఎదుట సాక్ష్యం పెట్టించాడు (రూతు 4:1-12). మన చట్టంలో కూడా అలాంటి గవిని ఉంది. అటవీ హక్కుల నియమాల్లో, కాగితం లేనివారి విషయంలో ఊరి పెద్దల వాఙ్మూలాన్ని రాసుకొని సాక్ష్యంగా తీసుకోవచ్చని ఉంది. అయితే ఆ పెద్దలు దరఖాస్తుదారులు కాకూడదు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇస్తారు, అది పిల్లలకు దక్కుతుంది, అమ్మడానికి వీల్లేదు. 2005కు ముందు నుంచి ఇక్కడే సాగులో ఉన్న మన తెగల పెద్దలు, కేవలం కాగితం లేక వెనకబడ్డవారు, ఇంకా ఉన్నారు. వాళ్ల కోసం గ్రామసభలో నిజమైన సాక్ష్యం చెప్పడానికి మన విశ్వాసులు లేచి నిలబడాలి. సంఘం లెటరు మీద నేను రాసి ఇచ్చేది ప్రభుత్వ పత్రం కాదు. మీ నోటి సాక్ష్యం నా లెటరు కంటే విలువైనది.

కాబట్టి ఈ నెలలో మూడు పనులు చేద్దాం. ఆదివారం ఆరాధన తర్వాత, మన సంఘంలో ఏ పెద్దకు ఏ కాగితం లేదో ఒక నోటుపుస్తకంలో రాసుకుందాం. అది మన దగ్గరే ఉంటుంది, బయటికి పోదు. చదువుకున్న యౌవనస్థులు ఒక్కొక్కరు ఒక్కో ముసలి ఇంటిని తీసుకోండి, మీ సొంత తల్లిదండ్రులతో మొదలుపెట్టి, బిడ్డలు లేనివారితో ముగించండి. ఆధార్ క్యాంపు పెట్టిన రోజున, నడవలేనివారిని డోలీ కట్టయినా తీసుకొద్దాం. ఆదిమ తెగల ఊళ్లలో 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద ఇలాంటి క్యాంపులు పెడుతున్నారు. ఎప్పుడు, ఎక్కడ అని సచివాలయంలో అడుగుతూ ఉండండి. దూరంలో ఉన్న బిడ్డలారా, మీరు డబ్బు పంపిస్తున్నారు, దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఈసారి డబ్బుతో పాటు రెండు రోజుల సెలవు కూడా పెట్టండి. ఆ క్యూలో మీ అమ్మ పక్కన మీరు నిలబడితే కౌంటరు అవతల మనిషి మాట్లాడే తీరు మారుతుంది. అది మీకూ తెలుసు.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, దావీదు తలిదండ్రులకు మోయాబులో చోటిచ్చినవాడా, ఈ కొండల్లో పేరు లేకుండా బ్రతుకుతున్న మా పెద్దలను జ్ఞాపకం చేసుకోండి. బిడ్డలకు సిగ్గు తీసివేయండి, సాక్షులకు ధైర్యం ఇవ్వండి, అధికారుల మనస్సులో దయ పుట్టించండి. మా చేతుల్లో అబద్ధపు కాగితం ఒక్కటి కూడా ఉండకుండా కాపాడండి. మా అమ్మానాన్నలు కన్నుమూసేలోగా వారి పేరు ఈ నేల మీద కూడా రాయబడేలా సహాయం చేయమని యేసుక్రీస్తు నామమున వేడుకొంటున్నాము తండ్రీ. ఆమెన్.